మార్గరెట్ వీధిలో ఒక ఆదివారం



గత జూలై నెలలో ఇంగ్లండులోని ఒక సంఘము వారి ఆహ్వానం మీద, మరి ముగ్గురు కాపరులతో కలిసి రెండు వారాలు ఆ దేశంలో గడిపే అవకాశం నాకు కలిగింది. తిరిగి వచ్చిన దగ్గర నుండి అందరూ అడిగేది ఒక్కటే: లండన్ వంతెన చూశారా, రాజుగారి కోట చూశారా అని. చూశాను. వాటిని గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. నేను వ్రాయదలచినది ఒక్క ఆదివారం గురించి. దాని వెనుక మా ఇంటి కన్నీళ్ళు కొన్ని ఉన్నవి గనుక ముందు అవి చెప్పాలి.

మా పెద్దక్క కూతురు లండన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. మా ఊరి ఆదివారపు బడిలో వాక్యాలు కంఠతా పట్టి పెరిగిన పిల్ల. మాది బాప్తిస్టు కుటుంబం. మా తాతగారు క్రీస్తును అంగీకరించిన నాడు ఇంటి గూటిలోని దీపపు కుందిని, సాంబ్రాణి వేసే మట్టి మూకుడును స్వయంగా తీసుకొనిపోయి చెరువులో పడవేశారట. ఈ సంగతి మా ఇంట్లో ప్రతి క్రిస్మసుకూ ఎవరో ఒకరు చెప్పుకుంటారు. అటువంటి ఇంటి పిల్ల ఒకనాడు ఫోనులో మాటల మధ్య, తాను వెళ్ళే గుడిలో ధూపం వేస్తారనీ, రొట్టెను పైకెత్తినప్పుడు అందరూ మోకరిస్తారనీ చెప్పింది. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లవారి నాకు ఫోను చేసింది.

“తమ్ముడూ, తాతయ్య చెరువులో పారేసిన మూకుడు ఇది లండన్ పోయి మళ్ళీ ఎత్తుకొచ్చిందిరా. నువ్వు ఎట్లాగూ పోతున్నావు కదా. దాని గుడి ఏందో చూసి, బిడ్డను మందలించి రా.”

కాబట్టి నేను వెళ్ళినది యాత్రికునిగా కాదు. విచారణ చేయడానికి వెళ్ళాను.

ఆ గుడి పేరు సర్వ పరిశుద్ధుల ఆలయం. ఇంగ్లీషులో ఆల్ సెయింట్స్, మార్గరెట్ స్ట్రీట్ అంటారు. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ అనే భూగర్భ రైలు స్టేషనులో దిగి పైకి వస్తే లోకంలోని బట్టల దుకాణాలన్నీ ఒకచోట చేరినట్లుంటుంది. ఆ సందడి వెనుక నాలుగు అడుగులు వేసి ఒక చిన్న వీధిలోకి తిరిగితే ఇటుకల ద్వారం, దాని వెనుక ఇరుకైన ముంగిలి, అటూ ఇటూ గురువుల నివాసం, పూర్వపు గాయక బాలుర పాఠశాల, ఎదురుగా గుడి. మన పల్లెలో నాలుగు ఇండ్లు పట్టేంత స్థలంలో విలియం బటర్‌ఫీల్డ్ అనే శిల్పి దీనిని కట్టాడు. 1850లో పునాదిరాయి, 1859లో ప్రతిష్ఠ. స్థలం తక్కువ గనుక పైకి పోయాడు కాబోలు, గోపురం 227 అడుగుల ఎత్తు. ఎర్ర ఇటుకల మధ్య నల్ల ఇటుకల వరుసలు. ఆ రోజుల్లో గొప్పవారు రాయితో కట్టుకునేవారు, ఇటుకను తక్కువగా చూసేవారు. ఆ ఇటుకతోనే దేవునికి ఇంత చేశాడు.

లోపల అడుగుపెట్టగానే కళ్ళు కనబడలేదు. బయట జూలై ఎండ, లోపల సంధ్యవేళ వంటి మసక. కాసేపటికి గోడలు బయటపడ్డాయి. రంగురాళ్ళు, చలువరాళ్ళు, పలకల మీద వ్రాసిన బొమ్మలు. ఎడమ చేతి గోడ నిండా పాత నిబంధన భక్తులు, మధ్యలో ప్రభువు జననం. ఖాళీ జాగా అనేది లేదు. సున్నం వేసిన గోడ మీద ఒక వాక్యం, ఒక గడియారం చూచి ఆరాధించే మనవంటి వారికి మొదట ఊపిరి ఆడదు.

ఇక్కడ ఒక మాట తేటగా చెప్పాలి. ఇది రోమను కాథలిక్కు గుడి కాదు. పోపుగారి అధికారం క్రింద లేదు. ఇంగ్లండు దేశపు ఆంగ్లికను సంఘానికి చెందినదే. ఆ సంఘంలో ఈ విధంగా ఆరాధించే వారిని ఆంగ్లో కాథలిక్కులు అంటారు. 1833 జూలై 14న ఆక్స్‌ఫర్డు పట్టణంలో జాన్ కీబుల్ అనే గురువు చేసిన ప్రసంగంతో ఈ కదలిక మొదలైందని చెబుతారు. మన సంఘం రాజుగారి ఇలాకా కాదు, పార్లమెంటు శాఖ కాదు, అపొస్తలుల నాటి నుండి వచ్చిన క్రీస్తు శరీరం అని వారి వాదన. 1841 వరకు తొంభై కరపత్రాలు అచ్చువేశారు. వారిలో ముఖ్యుడైన న్యూమన్ 1845లో రోము సంఘంలో చేరిపోయాడు. ప్యూసీ అనే పండితుడు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాడు. ఈ గుడికి పునాదిరాయి వేసినది ఆయనే.

వారి తరువాతి తరం వారు కొవ్వొత్తులు, యాజక వస్త్రాలు, ధూపం, పులియని రొట్టె, ద్రాక్షారసంలో నీరు కలపడం, గురువు ప్రజలతో పాటు తూర్పు తట్టు తిరిగి నిలబడడం వంటి పూర్వపు ఆచారాలను మళ్ళీ తెచ్చారు. దేశంలో పెద్ద అలజడి లేచింది. 1874లో పార్లమెంటు వీటిని అణచడానికి చట్టమే చేసింది. ఆర్థర్ టూత్ అనే గురువును 1877లో జైలులో పెట్టారు. గ్రీన్ అనే మరొకాయన ఏడాదిన్నరకు పైగా జైలులో ఉన్నాడు. మొత్తం అయిదుగురు. వారిని జైలుకు పంపిన వారిలో మనవంటి ప్రొటెస్టెంటు భక్తిపరులే ఎక్కువ. చదివి కొంచెం సిగ్గుపడ్డాను.

మన తెలుగు నేలకు దీనితో సంబంధం లేదనుకోవద్దు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దానిని గట్టిగా ఎదిరించినది ఇంగ్లండులోని ఈ ఆంగ్లో కాథలిక్కులే. బిషప్పు హస్తనిక్షేపణ లేని బోధకులను ఉన్నవారిని ఉన్నట్టే చేర్చుకోవడం వారికి మింగుడు పడలేదు. టి. ఎస్. ఎలియట్ అనే ప్రసిద్ధ కవి 1943లోనే దీనికి వ్యతిరేకంగా ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. మన నంద్యాల ప్రాంతంలో కూడా కొన్ని ఆంగ్లికను సంఘాలు ఆ ఐక్యతలో చేరక, చాలా సంవత్సరాలు కలకత్తా మెట్రోపాలిటను క్రిందనే ఉండి, తరువాతి కాలంలో కలిశాయి. ఆ వైపు పెద్దలను అడిగితే ఇంకా చాలా సంగతులు చెబుతారు.

సరే, ఆరాధనకు వద్దాం.

ఉదయం 11 గంటలకు ప్రధాన ఆరాధన. దానిని వారు హై మాస్ అంటారు. గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి నవ్వుతూ కీర్తనల పుస్తకం, ఆరాధన క్రమం అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టాడు. చెప్పులు విప్పనక్కరలేదు. స్త్రీలకొక వైపు, పురుషులకొక వైపు అనే నియమం లేదు. నేను కాపరిని గదా అని అలవాటు చొప్పున ముందు వరుసకు పోయి కూర్చున్నాను. మేనకోడలు “మామయ్యా, వెనకాల కూర్చుందాం” అంటున్నా వినలేదు. అది నా మొదటి తప్పు. కొత్తగా వెళ్ళేవారు మధ్యలోనో వెనుకనో కూర్చోవాలి. ముందున్నవారు లేస్తే లేవవచ్చు, కూర్చుంటే కూర్చోవచ్చు. ముందు వరుసలో ఉన్నవాడికి చూసి నేర్చుకోవడానికి ఎవరూ ఉండరు. ధూపం పడనివారు, ఆయాసం ఉన్నవారు కూడా వెనుకనే, తలుపు దగ్గర కూర్చోవడం మేలు.

ఆరాధనకు ముందు ఎవరూ మాట్లాడుకోరు. మన గుళ్ళలో మైకు సరిచేసే చప్పుడు, పిల్లల ఏడ్పు, పలకరింపులు ఉంటాయి. అక్కడ వచ్చినవారు వచ్చినట్టే ఒక మోకాలు వంచి, బెంచీలో చేరి, మోకరించి ఊరకుంటారు. ఆ నిశ్శబ్దం నాకు మొదట బెదురు పుట్టించింది, తరువాత నచ్చింది.

గంట మ్రోగింది. అందరూ లేచారు. ఆర్గను శబ్దం బెంచీ చెక్కలోనుండి నా చేతులకు తెలిసింది. ముందు ధూపార్తి ఊపుతూ ఒకరు, తరువాత సిలువ మోసేవారు, కొవ్వొత్తులు పట్టుకొన్నవారు, పరిచారకులు, చివరకు ముగ్గురు గురువులు. ఆ కాలానికి తగినట్లు ముగ్గురివీ పచ్చని వస్త్రాలు. క్రిస్మసుకు, ఈస్టరుకు తెలుపు, లెంటు దినాలలో ఊదా, పెంతెకొస్తుకు, హతసాక్షుల దినాలకు ఎరుపు. సిలువ తమ ప్రక్కగా వెళ్ళినప్పుడు జనం తలలు వంచారు. బలిపీఠం చుట్టూ గురువు ధూపం వేశాడు.

ఆ వాసన నా ముక్కుకు తగిలినప్పుడు కలిగిన దానిని దాచను. నాకు కొట్టము తాతగారు గుర్తుకు రాలేదు, దేవుడు గుర్తుకు రాలేదు. సాయంకాలం మా ఊరి పెద్దవీధిలో ఇళ్ళలోనుండి వచ్చే సాంబ్రాణి వాసన గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు ఆ వీధిలో నడిచేటప్పుడు అది మనది కాదు అని మాకు నేర్పారు. యెషయా దర్శనంలో మందిరం పొగతో నిండిందనీ, ప్రకటన గ్రంథంలో పరిశుద్ధుల ప్రార్థనలతో ధూపం కలిసి పైకి వెళ్ళిందనీ నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ వచనాలకు వాసన ఉంటుందని ఏనాడూ తలచలేదు. ఇంగ్లండు మనిషికి ఆ వాసన గుడి వాసన మాత్రమే. మనకు అది మన పెద్దలు విడిచి వచ్చిన ఇంటి వాసన. కాబట్టి అక్కడ చెల్లినది మన పల్లెలో చెల్లుతుందని నేను అనను. మా తాతగారు చేసినది సరియైనదే. ఆ దేశస్థులు చేసేది విగ్రహారాధన అని తీర్పు చెప్పడానికి మాత్రం ఆ మూకుడు చాలదు.

పాటలలో ఎక్కువ భాగం గాయక బృందమే పాడుతుంది, అదీ లాటిను, గ్రీకు మాటలతో కొంత. జనానికి మూడు నాలుగు కీర్తనలే. ఇది నాకు నచ్చలేదు. డోలకు, తాళాలతో గొంతెత్తి పాడే జనం మనం. పాడవలసిన వాడు విని ఊరకుండడం ఎట్లా? ఆ పాట మటుకు దేవదూతలు దిగివచ్చినట్లే ఉన్నదని ఒప్పుకోవాలి.

సువార్త చదివే సమయం వచ్చింది. పుస్తకాన్ని చేతులలో ఎత్తి పట్టుకొని, రెండు కొవ్వొత్తులు, సిలువ, ధూపంతో జనం మధ్యకు తీసుకొని వచ్చారు. అందరూ అటు తిరిగి నిలబడ్డారు. నుదుటి మీద, పెదవుల మీద, రొమ్ము మీద బొటనవ్రేలితో చిన్న సిలువ గుర్తు వేసుకున్నారు. వాక్యం నా తలంపులో, నా నోట, నా హృదయంలో ఉండాలని దాని అర్థమట. వాక్యాన్ని గౌరవించేవారం మేమే అని చెప్పుకునే బాప్తిస్టును నేను. మా గుడిలో సువార్త చదివేటప్పుడు కొందరు కానుక కోసం చిల్లర వెదుకుతుంటారు. ప్రసంగం అయితే పదిహేను నిమిషాలు కూడా లేదు. మా వాళ్ళు ఇంత చిన్న ప్రసంగానికి కాపరికి జీతం ఎందుకని అడుగుతారు.

నైసీయ విశ్వాస ప్రమాణంలో, ప్రభువు మనుష్యుడైన మాట దగ్గర అందరూ మోకాలు వంచారు. ప్రార్థనలలో రోగుల పేర్లతో పాటు చనిపోయిన వారి పేర్లు కూడా చదివారు. ఇది మన బోధ కాదు. అక్కడ నేను నోరు మూసుకొని కూర్చున్నాను. ఎవరూ నావైపు చూడలేదు. కొత్తవారు గమనించవలసినది ఇదే: సిలువ గుర్తు వేసుకోకపోయినా, మోకరించకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. వారిలో వారే ఒకరు చేసినట్లు మరొకరు చేయరు.

తరువాత నా రెండవ తప్పు. కానుకల వేళ బలిపీఠానికి, గురువుకు ధూపం వేసిన తరువాత, ధూపార్తి పట్టిన యువకుడు ముందుకు వచ్చి మాకెదురుగా నిలబడి వంగి నమస్కరించాడు. ముందు వరుసలో ఉన్నాను గదా, ఇండియా నుండి వచ్చిన పాస్టరునని ఎవరో చెప్పి ఉంటారనుకొని, లేచి చేతులు జోడించి “వందనములండి” అన్నాను, తెలుగులోనే. చూస్తే వెనుక జనమంతా లేచి వంగి ఉన్నారు. అతడు జనమంతటికీ ధూపం వేస్తున్నాడు. మేనకోడలు పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకుంటున్నది. దేవుని స్వరూపంలో చేయబడినవారు, బాప్తిస్మంలో ఆయనవారైనవారు గనుక బలిపీఠానికి ఇచ్చిన గౌరవమే జనానికీ ఇస్తారని తరువాత చెప్పింది. గుడి ఊడ్చే మనిషికీ అదే ధూపం.

గురువు మాకు వీపు చూపి, బలిపీఠం వైపు తిరిగి ప్రార్థన చేశాడు. మనకిది అమర్యాదగా తోస్తుంది. వారి లెక్కలో ఆయన వీపు చూపడం లేదు, మందతో పాటు తానూ అదే దిక్కు చూస్తున్నాడు. ప్రభువు మాటలు పలికి రొట్టెను తల పైకి ఎత్తినప్పుడు చిన్న గంట మూడుసార్లు మ్రోగింది, ధూపం లేచింది, జనమంతా మోకాళ్ళ మీద ఉన్నారు. తరువాత పాత్ర కూడా అట్లే. అక్క ఏడ్చినది దీనికే. నా ప్రక్కన మా అమ్మాయి తల వంచి కదలక ఉన్నది. నేను మోకరించాను గాని తల ఎత్తి చూస్తూనే ఉన్నాను, విచారణకు వచ్చినవాడిని గనుక.

ప్రభురాత్రి భోజనానికి జనం లేచారు. తమ తమ సంఘాలలో బాప్తిస్మం పొంది సంస్కారం తీసుకునే ఇతర శాఖల విశ్వాసులను ఇంగ్లండు సంఘం 1972 నుండి తన బల్ల దగ్గరకు రానిస్తుంది. “మామయ్యా, నువ్వు కూడా తీసుకోవచ్చు” అని ఆమె చెవిలో చెప్పింది.

అప్పుడు నాకు ఒక మనిషి జ్ఞాపకం వచ్చాడు. కొన్ని సంవత్సరాల క్రితం మా గుడికి ఒక లూథరను పెద్దాయన వచ్చాడు, కూతురిని మా ఊరిలో ఇచ్చాడు. సంస్కారపు ఆదివారం. ఆయనకు పసితనంలో చిలకరింపు బాప్తిస్మం జరిగింది గాని ముంచుడు బాప్తిస్మం లేదు. మా సంఘ నియమం ప్రకారం పళ్ళెం ఆయన దగ్గరకు రాగానే నేను పరిచారకుడికి సైగ చేశాను. పళ్ళెం ఆయనను దాటిపోయింది. ఆయన చాచిన చెయ్యి మెల్లగా వెనుకకు తీసుకొని, తుండుగుడ్డ సర్దుకున్నట్లు నటించాడు. నేను నియమం తప్పలేదని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రొట్టెను ఇంత పైకెత్తి, ఇంత భయభక్తులతో మోకరించేవారు నన్ను రమ్మంటున్నారు. మాకు అది జ్ఞాపకార్థమైన గురుతు మాత్రమే అని చెప్పే నేను ఆయనను పొమ్మన్నాను.

బలిపీఠం ముందున్న కటకటాల దగ్గర ఆమె ప్రక్కన మోకరించాను. తీసుకోనివారు చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుంటే గురువు దీవెన ఇస్తాడు. నేను అట్లా పెట్టుకున్నాను. సిద్ధాంతం అడ్డు వచ్చి కాదు. మరొకరికి నేను ఇవ్వని దానిని అక్కడ చెయ్యి చాచి తీసుకోలేకపోయాను. గురువు నా తల మీద చెయ్యి ఉంచి రెండు మాటలు పలికి ముందుకు సాగాడు. ఆమె పలుచని పులియని రొట్టె బిళ్ళను అరచేతిలో తీసుకున్నది, తరువాత అందరూ త్రాగే ఒక్క పాత్ర. మన వలె ద్రాక్షపండ్ల రసం కాదు, పులిసిన ద్రాక్షారసమే. మద్యం ముట్టనివారు రొట్టె మాత్రమే తీసుకొని పాత్ర వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపితే చాలు.

అంతా కలిపి గంటన్నర పట్టింది. తరువాత కాఫీ. అక్కడ అందరూ బాగానే మాట్లాడారు. ఆఫ్రికా వారు, వెస్టిండీసు వారు, ముసలి ఇంగ్లీషు దొరసానులు, కుర్రవాళ్ళు. ఇటువంటి గుళ్ళన్నీ ఒక మాట మీద లేవని కూడా తెలిసింది. ఆ దేశంలో 1994లో స్త్రీలను గురువులుగా, 2015లో బిషప్పుగా అభిషేకించడం మొదలైన తరువాత కొన్ని ఆంగ్లో కాథలిక్కు గుడులు దానిని అంగీకరించాయి, కొన్ని అంగీకరించలేదు.

సాయంకాలపు ఆరాధనకు కూడా ఉండిపోయాం. చివర ప్రతిష్ఠించిన రొట్టెను బంగారు రంగు కిరణాల చట్రంలో ఉంచి, దానితో జనాన్ని దీవిస్తారు. ఇక్కడ నేను మోకరించలేదు. కూర్చునే ఉన్నాను. తీసుకొని తినుడని ప్రభువు చెప్పిన దానిని చూపించి దీవించడం నాకు లేఖనంలో కనబడదు. వారి సంఘపు ముప్పది తొమ్మిది నియమాలలో ఇరువది ఎనిమిదవది కూడా సంస్కారాన్ని ఎత్తడం, ఊరేగించడం, ఆరాధించడం క్రీస్తు నియమించినవి కావనే అంటుంది. బయటకు వచ్చి ఈ మాట అమ్మాయితో చెప్పాను, కాస్త గట్టిగానే.

ఆమె కోపగించుకోలేదు. వీధి చివర ఒక అరుగు మీద కూర్చున్నాం.

“మామయ్యా, నాకు నీ అంత సిద్ధాంతం తెలియదు. పన్నెండు గంటల డ్యూటీ, అందులో రాత్రిళ్ళు. ఒక నెలలో నా చేతుల మీదే నలుగురు పోయారు. ఆదివారం గుడికి పోతే అందరూ చప్పట్లు కొట్టి పాడుతున్నారు, సాక్ష్యం చెప్పమ్మా అంటున్నారు. నాకు నోట మాట రాలేదు. ప్రార్థనే రాలేదు. ఇక్కడికి వస్తే నన్నెవరూ ఏమీ అడగలేదు. మోకరించమన్నప్పుడు మోకరించాను. నేను ప్రార్థన చెయ్యలేని రోజు కూడా ఇక్కడ ప్రార్థన నడుస్తూనే ఉంటుంది. దానిలో నన్ను కూర్చోనిచ్చారు.”

నేను బదులు చెప్పలేదు. ఆమే ఇంకొక సంగతి చెప్పింది. ఈ గుడి నుండే 1851లో హారియెట్ బైరన్ అనే ఆమె పేదల సేవకై కన్యల సమాజం ఒకటి ప్రారంభించింది. ఆ సహోదరీలు లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో సుమారు నలభై సంవత్సరాలు నర్సుల పని నడిపించారు, మన బొంబాయి ఆసుపత్రులలో కూడా పనిచేశారు. ఈ మార్గపు గురువులు చాలామంది మురికివాడలలోనే బ్రతికారు. చార్లెస్ లౌడర్ అనే ఆయన లండన్ రేవులలో కూలీల మధ్య ఉండి, 1866లో కలరా వచ్చినప్పుడు రోగుల దగ్గర నుండి కదలలేదు. అంతకు ముందు ఆయన ఆచారాలకు రాళ్ళు రువ్విన పేటలు ఆయన చనిపోయినప్పుడు వేల సంఖ్యలో వెంట నడిచాయి. “ఆ బల్ల దగ్గర మోకరించి లేచి, నేరుగా వార్డుకు పోతాను మామయ్యా. రెండూ ఒకటే పని అనిపిస్తుంది” అన్నది.

ఆ రాత్రి అక్కకు ఫోను చేశాను. చూచినది చూచినట్లు చెప్పాను. నాకు నచ్చనివి, ఒప్పుకోనివి దాచలేదు. పిల్ల ప్రభువును విడువలేదు, రోజూ బైబిలు చదువుకుంటున్నది, పాత తెలుగు బైబిలు దిండు క్రిందనే ఉన్నది అన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు.

“నువ్వు మోకరించావా?” అని అడిగింది.

“ఉదయం మోకరించాను. సాయంత్రం లేదు.”

“మందలించావా దాన్ని?”

“లేదక్కా.”

మళ్ళీ కొంతసేపు ఊరకుండి, “క్రిస్మసుకు వస్తానంటోంది. మన సంఘ పెద్దలు అప్పుడే గుసగుసలాడుతున్నారు, కాథలిక్కుల్లో కలిసిందని. అది వచ్చినప్పుడు బల్ల దగ్గర పళ్ళెం దాని ముందు ఆపుతావా, దాటిస్తావా?” అన్నది.

ఆపుతానన్నాను. తిరిగి వచ్చిన రెండవ వారంలోనే పెద్దల కూటంలో ఈ సంగతి పెట్టాను, దానితో పాటు లూథరను పెద్దాయన సంగతి కూడా. ఇద్దరు పెద్దలు లేచి వెళ్ళిపోయారు. మిగతా వారు ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఆ పెద్దాయన ఊరు మాకు పదునాలుగు మైళ్ళు. మొన్న బుధవారం బస్సెక్కి వెళ్ళి వచ్చాను. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. నా గొంతు గుర్తుపట్టి, పేరుతో పిలిచి, మంచం మీద చోటు చూపించి కూర్చోమన్నాడు.